రాణి కిరీటం, వంటవాడి దారం

ఫిబ్రవరి మొదటి వారం. ఉదయం తొమ్మిది నలభైకి శాన్ డియేగోలో దిగాను. సిడ్నీ నుంచి లాస్ ఏంజిలెస్‌కు పదమూడున్నర గంటలు. అక్కడ కుర్చీలో మూడు గంటలు. మళ్ళీ చిన్న విమానంలో ముప్పావు గంట. నా సామాను ఒక కిట్ బ్యాగు, ఒక సూట్ కవరు. కిట్ బ్యాగులో మూడు జతల పని యూనిఫాం, రెండు జతల బూట్లు, సూదులు, దారాలు, చిన్న కత్తెర. సూట్ కవరులో మంచి యూనిఫాం. దాన్ని మాత్రం దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకున్నాను. ముడత పడితే నాకు నిద్ర పట్టదు.

ఆకాశం బూడిద రంగులో ఉంది. పధ్నాలుగు డిగ్రీలు. సముద్రం మీది మబ్బు పదకొండు దాకా కదలదని, అప్పటిదాకా నల్ల కళ్ళజోడు బయటికి తీయనక్కర్లేదని బేస్ డ్రైవరు చెప్పాడు. పదకొండూ అయిదుకు ఎండ వచ్చింది.

ముందే చెప్పేస్తాను. ఇది యుద్ధం కథ కాదు. నేను ఆస్ట్రేలియా నేవీలో స్టోర్స్ మనిషిని. మా ఓడలు అమెరికన్లతో కలిసి విన్యాసాలకు వచ్చినప్పుడు వాటికి కావలసిన విడిభాగాలు, బట్టలు, బూట్లు అందుకుని, లెక్క చూసి, ఓడకు చేర్చడం నా డ్యూటీ. పన్నెండు నెలల టూర్. అమెరికన్ నేవీ బేస్‌లో మాకొక గది ఇచ్చారు. అందులో ఇద్దరమే. నా పై అధికారి అయిన వారంట్ ఆఫీసరు, నేను. ఆయనకు ఎర్ర గడ్డం, పల్చటి సహనం.

నా ఛాతీ మీద ఒక లంగరు గుర్తు ఉండేది. మా నేవీలో ఒక లంగరు అంటే లీడింగ్ సీమన్. అంటే కింద నలుగురు, పైన నలభై మంది. అమెరికన్ నేవీలో లంగరు అంటే చీఫ్. చీఫ్ అంటే ఏళ్ళ తరబడి సముద్రం మింగినవాడు. ఆఫీసర్లు కూడా ఆయనతో ఆచితూచి మాట్లాడతారు. ఈ సంగతి నాకు తెలుసు. అక్కడి కుర్రాళ్ళకు మా సంగతి తెలియదు. మొదటి రోజు నాకు తలుపులు తెరిచారు. రెండో రోజు కాఫీ లైన్‌లో ముందుకు వెళ్ళమన్నారు. తేరగా వచ్చిన మర్యాదను కాదనేంత మంచివాణ్ణి కాదు నేను. పైగా మా నేవీలో అనుమతి తీసుకుని గడ్డం పెంచుకోవచ్చు, వాళ్ళకు కుదరదు. ముప్పయ్యో ఏట గడ్డం, లంగరు రెండూ ఉన్నవాణ్ణి చూసి, ఎంత గొప్పవాడో అనుకున్నారు.

రెండో వారంలో, ఎదురు భవనంలోని అమెరికన్ స్టోర్స్ కౌంటర్‌కు ఒక డెలివరీ కోసం వెళ్ళాను. కౌంటర్ వెనక అమ్మాయి నా ఛాతీ మీద ఇంటిపేరు చూసింది. బొడ్డేపల్లి. నేవీలో చేరాక ఆ పేరును తప్పు లేకుండా పలికిన మొదటి మనిషి ఆమె.

“ఎక్స్‌క్యూజ్ మీ చీఫ్ బొడ్డేపల్లి, మీరు తెలుగా?” అంది.

పేరు మేఘన. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో పుట్టి పెరిగింది. అమెరికన్ నేవీలో పెట్టీ ఆఫీసర్, స్టోర్స్‌లో నాలాంటి పనే. హోదాలో మేమిద్దరం ఇంచుమించు సమానం. ఆమె నేవీలో ఉందని వాళ్ళ అమ్మ ఫ్రెండ్స్‌లో సగం మందికి తెలియదట. “అమ్మ ఆంటీలకి నేను సప్లై చైన్‌లో జాబ్ చేస్తా అని చెప్తుంది. లై కాదు కదా అది” అని నవ్వింది. ఆ నవ్వు చూశాక అబద్ధం సాగించలేకపోయాను. నేను చీఫ్‌ను కానని చెప్పాను. ఆ రోజు నుంచి ‘అన్నా’ అనడం మొదలుపెట్టింది.

మిగతావాళ్ళకు మాత్రం చెప్పలేదు. మూడో వారంలో దొరికిపోయాను. చీఫ్‌లకు ప్రత్యేకంగా ఒక కాఫీ గది ఉంటుంది. ఎవరో రమ్మంటే వెళ్ళి, మెత్తటి సోఫాలో కాళ్ళు చాపుకుని దాల్చినచెక్క రొట్టె తింటున్నాను. మా వారంట్ ఆఫీసరు లోపలికి వచ్చాడు.

“నీకు ప్రమోషన్ వచ్చినట్టు నాకెవరూ చెప్పలేదే” అన్నాడు. గొంతు పెంచలేదు.

శిక్ష ఆ మధ్యాహ్నమే కాగితం మీద వచ్చింది. ఏప్రిల్ ఇరవై అయిదు ఆస్ట్రేలియన్లు తమ సైనికులను తలుచుకునే రోజు. ఆ రోజు ఉదయం పది గంటలకు బేస్ హాల్లో సభ. హాలు పక్క గదిలో ఆస్ట్రేలియా నేవీ యూనిఫాంలు, హోదా గుర్తులు మొదటి నుంచి ఇప్పటిదాకా ఎలా మారాయో ప్రదర్శన పెట్టాలి. ఆరు బొమ్మలు. గోడ మీద వివరాలు. బాధ్యుడు నేను. గుర్తులంటే నీకు సరదా కదా, ఆ సరదా ఊరందరికీ చూపించమన్నాడు.

శిక్ష అన్నాడు గానీ, అంత ఇష్టమైన పని నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. మా నాన్న దర్జీ. విశాఖపట్నంలో డాక్‌యార్డు గేటు ఎదుట ఇరవై ఏళ్ళు నేవీ వాళ్ళకు యూనిఫాంలు కుట్టాడు. నాకు పదిహేడేళ్ళు వచ్చాక కుటుంబమంతా మెల్‌బోర్న్ చేరాం. అక్కడ ఒక షాపింగ్ సెంటర్లో బట్టలు సరిచేసే కొట్టు పెట్టాడు. నేను అక్షరాలకంటే ముందు కాజాలు నేర్చుకున్నాను.

సిడ్నీ నుంచి నాలుగు పెట్టెలు వచ్చాయి. మొదటి బొమ్మ మా నేవీ పుట్టిన రోజుల నావికుడు. నీలం జంపరు చొక్కా, చతురస్రపు కాలరు, దాని అంచున మూడు తెల్ల గీతలు, కింద వెడల్పయ్యే ప్యాంటు. అచ్చంగా బ్రిటిష్ వాళ్ళ బట్టలే. ఆస్ట్రేలియా వాడు అని చెప్పేది టోపీ రిబ్బన్ మీది అక్షరాలే. ఆ ప్యాంటుకు అడ్డంగా ఏడు మడతలు పడాలి. ఏడు సముద్రాలకు గుర్తంటారు. అలా మడిస్తే చిన్న పెట్టెలో పడుతుందన్నది అసలు సంగతి. ఆ ఏడు మడతలకు గంటా యాభై నిమిషాలు ఇస్త్రీ చేశాను.

రెండో బొమ్మది యుద్ధకాలం టోపీ. రిబ్బన్ మీద ఓడ పేరు ఉండదు. ఏ ఓడ రేవులో ఉందో నావికుడి నెత్తి చూసి శత్రువు కనిపెట్టకూడదని తీసేశారు. మూడోది మహిళా విభాగం ఆఫీసరు. చేతి మీద చారలు బంగారు రంగు కాదు, లేత నీలం. చాలాకాలం ఆడవాళ్ళకు నీలమే ఇచ్చారు. మేఘన ఆ చారల దగ్గర చాలాసేపు నిలబడింది. “సేమ్ వర్క్, డిఫరెంట్ కలరా?” అంది. నాలుగోది తర్వాత చెబుతాను. అయిదోది భుజం మీద ఆస్ట్రేలియా అన్న మాట ఉన్న తెల్ల యూనిఫాం. ఆరోది నేను రోజూ వేసుకునే మచ్చల యూనిఫాం. ఇనుప ఓడ మీద ఆకులూ కొమ్మల రంగు మచ్చలు ఎవరి నుంచి దాక్కోవడానికో నాకిప్పటికీ తెలియదు.

గోడ మీద ఒక పెద్ద అట్ట కట్టాను. అందులో కిరీటం కథ రాశాను. నాకంటే ఒక మెట్టు పైన ఉండే మా పెట్టీ ఆఫీసరు గుర్తులో అడ్డంగా రెండు లంగర్లు, వాటి పైన కిరీటం ఉంటాయి. బ్రిటన్ రాజే ఆస్ట్రేలియాకూ రాజు, ఆ కిరీటం ఆయనదే. పాత రాజుల కాలంలో ఆ కిరీటం పైభాగం గుండ్రంగా ఉండేది. రాణి వచ్చాక మధ్యలో గుంట పడిన కిరీటం వచ్చింది. రాణి పోయి కొత్త రాజు వచ్చాక మళ్ళీ గుండ్రటిది వస్తోంది. కాబట్టి కిరీటం చూస్తే మనిషి ఎవరి కాలంలో పనిచేశాడో చెప్పొచ్చు. ఈ వాక్యం నేనే రాశాను. నా చేత్తో, నల్ల సిరాతో.

ఇక నాలుగో బొమ్మ ఖాళీగా ఉంది. రాణి కాలం నాటి కోటు ఏ పెట్టెలోనూ లేదు. వారంట్ ఆఫీసరు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. మార్చి చివర్లో, ఒక తెల్ల పికప్‌లో పెద్దాయన వచ్చాడు. కూతురు డ్రైవ్ చేసింది. ఆయనకు ఎనభై నాలుగు. ఒకప్పుడు మా నేవీలో ఇంజిన్ రూమ్ పెట్టీ ఆఫీసరు. రిటైరయ్యాక ఇక్కడి అమ్మాయిని పెళ్ళాడి, పడవల ఇంజిన్లు బాగుచేస్తూ శాన్ డియేగోలో ఉండిపోయాడు. కళ్ళు పోతున్నాయి. ఎదురుగా ఉన్నది కనిపించదు, పక్కనున్నది మసగ్గా కనిపిస్తుంది. అందుకని నాతో మాట్లాడేటప్పుడు నా చెవి వైపు చూసేవాడు.

డ్రై క్లీనింగ్ కవరులోంచి కోటు తీసి బల్ల మీద పరిచాడు. ముదురు నీలం. రెండు వరసల బంగారు గుండీలు. ఎడమ చేతి మీద లంగర్లు, కిరీటం. మా బొమ్మలన్నీ చూపించమన్నాడు. చేత్తో తడుముతూ చూశాడు. కాలరు మీది మూడు గీతలు ఒక మహా నావికుడి మూడు విజయాలకు గుర్తంటారు, నిజమేనా అని అడిగాను. టీ చల్లారేదాకా చెప్పుకోవడానికి అలాంటివి ఓడకు పది ఉంటాయన్నాడు. అరగంటలో ఆయనంటే నాకు ప్రాణం అయిపోయింది.

వెళ్ళేటప్పుడు ఒక్కటే అడిగాడు. “ఉన్నది ఉన్నట్టు పెట్టు, అబ్బాయ్.”

అలాగేనన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

సభకు అయిదు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు గంటలకు ఆ కోటును నాలుగో బొమ్మకు తొడిగాను. ఇస్త్రీ బాగా కుదిరింది. గుండీలు మెరుస్తున్నాయి. గుర్తు మాత్రం చూడలేకపోయాను. అంచులు పీచులు లేచాయి. కుట్లు ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు. దారమా అంటే దారం కాదు, తాడు. లావుగా, రంగు వెలిసి, అక్కడక్కడా నల్లగా. దర్జీ కొడుకు చూడదగ్గ కుట్టు కాదది. ఇంత మంచి మనిషి కోటుకు ఇంత దరిద్రపు కుట్టా అని బాధపడ్డాను. నా సొరుగులో సరికొత్త గుర్తులు ఉన్నాయి. సరిగ్గా నలభై నిమిషాలు పట్టింది. పాత కుట్లు విప్పాను. తాడు ముక్కలు ఊడ్చి చెత్తలో వేశాను. కొత్త గుర్తు పెట్టి, పైకి కనిపించకుండా సన్నగా కుట్టాను. కొలబద్ద పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

తీసేసిన హోదా గుర్తు బయటివాళ్ళ చేతిలో పడకూడదు. కత్తిరించి, రిజిస్టరులో సంతకం పెట్టి, ధ్వంసం చేసే సంచిలో వేయాలి. మా ఆఫీసులో ఆ ఏర్పాటు లేదు కనుక దాన్ని మేఘన కౌంటర్‌లో ఇచ్చేశాను. తర్వాత కోటు ఫోటో తీసి మా నాన్నకు పంపాను, మెచ్చుకుంటాడని.

ఆయన వెంటనే ఫోన్ చేశాడు. పాత కుట్టు ఎలా ఉండేదని అడిగాడు. చెప్పాను.

“దారమేటి చేసావు?”

“పారేశాను నాన్నా.”

“గిరాకీని అడక్కండా కుట్టు ఇప్పీసావేట్రా? ఇప్పిన పోగైనా ఉంచలేదా?” అన్నాడు. మా నాన్న కొట్లో అదొక పద్ధతి. పాత బట్ట విప్పితే, విప్పిన పోగు కూడా గిరాకీ ముందు పెట్టాల్సిందే. నేను చాదస్తం అనుకున్నాను. ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ ఇరవై నాలుగు, మధ్యాహ్నం రెండు గంటలు. సభకు ముందు రోజు రిహార్సల్. పెద్దాయన వచ్చాడు. కూతురు ఆయన్ని నాలుగో బొమ్మ దగ్గర నిలబెట్టింది. నేను పక్కన నిలబడి మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను. గుండీలు తడిమాడు. కాలరు తడిమాడు. ఎడమ చేతి మీదికి బొటనవేలు వెళ్ళింది. కిరీటం పైభాగం మీద ఒకసారి జరిగింది. మళ్ళీ ఒకసారి. మూడోసారి ఆగిపోయింది.

“ఇది నాది కాదు.”

కొత్తది వేశానండీ, పాతది బాగా పాడైపోయిందని చెప్పాను.

“నా రాణి కిరీటానికి నడుమ గుంట ఉంటుంది” అన్నాడు. “ఇది రాజుది. నేను రాజు దగ్గర ఒక్కరోజు కూడా పనిచేయలేదు.”

నేను రాసిన అట్ట మూడడుగుల దూరంలో ఉంది. అందులో అదే మాట ఉంది. తల ఎత్తలేకపోయాను.

ఆయన వేలు గుర్తు అంచు వెంట వెతికింది. దారం ఏదని అడిగాడు. పారేశానని చెప్పాను. అప్పుడు కుర్చీ అడిగి కూర్చున్నాడు. కోపంగా లేడు. కోపపడితే నాకు సులువుగా ఉండేది.

ప్రమోషన్ వచ్చిన రోజు ఓడ నడిసముద్రంలో ఉందట. మర్నాడు పొద్దున కెప్టెన్ తనిఖీ. గుర్తు చేతికిచ్చారు గానీ కుట్టడానికి దారం లేదు, స్టోర్స్ మనిషి జ్వరంతో పడుకుని తాళంచెవి ఎక్కడో పెట్టాడు. పక్క పడకలో ఓడ వంటవాడు పడుకునేవాడు. టాస్మేనియా వాడు, వేళ్ళు ముల్లంగి దుంపలంత. మాంసం ముద్ద విడిపోకుండా కట్టే తాడు తెచ్చి, సిరాలో ముంచి ఆరబెట్టి, పిండి బస్తా మీద కూర్చుని ఆ గుర్తు కుట్టాడు. తనిఖీలో కెప్టెన్ ఆ కుట్టు చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడట. మూడు నెలల తర్వాత వంటవాడు గుండె ఆగి పోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళు. ఒడ్డుకు చేరడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. శవాన్ని సముద్రంలోనే దించారు.

“వాడికి సమాధి లేదు” అన్నాడు పెద్దాయన. “ఆ కుట్లే ఉన్నాయి. రేపు కోటు దించేయ్. ఇంటికి తీసుకుపోతాను.”

కారు దగ్గర ఆయన కూతురు నాతో విడిగా మాట్లాడింది. నాన్న రోజూ పొద్దున కాఫీ ముందు ఆ కుట్లు తడుముతాడని, ఈ సభ గురించి రెండు నెలలుగా చెప్పుకుంటున్నాడని, వచ్చే ఏడు ఈపాటి చూపు కూడా ఉండదని చెప్పింది. నన్ను తిట్టలేదు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

నేరుగా మేఘన కౌంటర్‌కు వెళ్ళాను. గుర్తు ఇచ్చి నాలుగు రోజులైంది. ముక్కలైనా ఇమ్మన్నాను. అతికిస్తానన్నాను. ఆమె మొహం మారిపోయింది. నన్ను పక్కకు తీసుకెళ్ళింది.

“అన్నా, నేను సైన్ చేశా. బట్ కట్ చేయలేదు. అది చాలా ఓల్డ్‌గా ఉంది, నాకు మనసు రాలే. అలానే బ్యాగ్‌లో వేశా. ఎవరికీ చెప్పొద్దు.”

తప్పుడు సంతకం చూసి నా జన్మలో అంత సంతోషపడింది లేదు. కానీ సంచులన్నీ ఆ మధ్యాహ్నమే బేస్ అవతలి కొసకు, ముక్కలు చేసే షెడ్డుకు వెళ్ళిపోయాయి. షెడ్డు పొద్దున ఆరున్నరకు తెరుస్తారు. ఏడున్నరకు మెషిన్ ఆన్ చేస్తారు.

మర్నాడు పొద్దున ఆరు ఇరవైకి ఇద్దరం షెడ్డు ముందు ఉన్నాం. పదమూడు డిగ్రీలు, సన్నటి తుంపర. షెడ్డు చూసుకునే పెద్దమనిషికి కోటు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కూడా మాజీ నావికుడే. మెషిన్ సంగతి నేను చూసుకుంటాను, తొమ్మిది దాకా వెతుక్కోండి అన్నాడు. మొత్తం అరవై రెండు సంచులు. చేతి తొడుగులు వేసుకుని ఒక్కొక్కటే నేల మీద పోశాం. కాగితాలు, పాత ఐడీ కార్డులు, పేరు పట్టీలు, ఎవరివో చారలు. మేఘన మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. ఆమె సంతకం సంగతి బయటపడితే ఆమెకు రావలసిన ప్రమోషన్ ఆగిపోతుంది. ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. సొంత చెల్లెలైనా అంతకంటే చేయదు.

ఎనిమిది నలభైకి నా రేడియో పలికింది. వారంట్ ఆఫీసరు.

“స్టోర్స్, డెస్క్. పెద్దాయన గేటు దగ్గరున్నారు. కోటు కోసం వచ్చారు. ఓవర్.”

“డెస్క్, స్టోర్స్. పది నిమిషాలు ఆపండి సర్. ఓవర్.”

“ఏం చెప్పి ఆపమంటావు? ఓవర్.”

“టీ ఇవ్వండి సర్. ఓవర్.”

రేడియోలో నిట్టూర్పు వినిపించింది. “టీ ఇస్తున్నాను. అవుట్.”

నలభై నాలుగో సంచిలో దొరికింది. మేఘనకే దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూపించింది. రెండు లంగర్లు, గుంట పడిన కిరీటం, ఒక్క గాటు లేదు. వెనక్కి తిప్పాను. గుడ్డలో ఇరుక్కుని ఒక ముడి మిగిలి ఉంది. అర అంగుళం తాడు. సిరా మరక ఇంకా పోలేదు. నా కత్తెరకు అందని ఒకే ఒక్క ముడి అది.

తొమ్మిదీ అయిదుకు ప్రదర్శన గదిలో పెద్దాయన చేతిలో పెట్టాను. బొటనవేలు కిరీటం గుంటలో ఆగింది. తర్వాత వెనక్కి తిప్పి ముడి తడిమాడు. చాలాసేపు తడిమాడు. నేను క్షమించమన్నాను. మీరు ఒప్పుకుంటే అలాంటి తాడే ఇక్కడి వంటగదిలో తెచ్చి, సిరాలో ముంచి, ఉన్నది ఉన్నట్టు కుడతానన్నాను. మేఘన తాడు తేవడానికి అప్పటికే తలుపు దగ్గరకు వెళ్ళింది.

“వద్దు” అన్నాడు. “వాడి కుట్టు వాడిది. దాన్ని నువ్వు కుట్టలేవు. ముడి అలాగే ఉంచు. మిగతాది నీ కుట్టు వెయ్యి. నీ పేరేమిటన్నావు?”

చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఇంటిపేరు జోలికి పోలేదు.

సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు పట్టింది. ఆయన నా పక్కనే కూర్చుని, నా చెవి వైపు చూస్తున్నాడు. వారంట్ ఆఫీసరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఊహ తెలిసినప్పటి నుంచి సూది పట్టినవాణ్ణి, అంత వంకర కుట్టు ఎప్పుడూ వేయలేదు. కుట్టు పడ్డచోట పడింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకచోట వేలికి గుచ్చుకుని రక్తం చుక్క గుడ్డ లోపలికి ఇంకింది. విప్పి మళ్ళీ కుట్టే టైము లేదు. తొమ్మిది నలభై ఎనిమిదికి దారం తెంపాను.

పెద్దాయన అంచు చుట్టూ వేలు పోనిచ్చాడు. సగం దాకా వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలిపోయేటట్టు నవ్వాడు.

“వాడికంటే ఘోరంగా కుట్టావు” అన్నాడు. “ఉండనీ.”

పది గంటలకు సభ మొదలైంది. కోటు నాలుగో బొమ్మ మీదే ఉంది. ప్రదర్శన గది తలుపులు హాల్లోకి బార్లా తెరిచాం. డెబ్బై, ఎనభై మంది వచ్చారు. మబ్బు ఇంకా విడలేదు. మేఘన తెల్ల యూనిఫాంలో వచ్చి నా పక్కన నిలబడింది. షెడ్డులో వేసుకున్న చేతి తొడుగుల వాసన ఆమె చేతులకూ, నా చేతులకూ ఇంకా ఉంది.

సభ అయ్యాక వారంట్ ఆఫీసరు నన్ను పిలిచాడు. షెడ్డు సంగతి ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. తనకేమీ తెలియదని, తెలుసుకోవాలని కూడా లేదని, ఇకమీదట ఎవరి కోటైనా చేతికిస్తే రెండు చేతులూ జేబులో పెట్టుకోమని చెప్పాడు. సరే సర్ అన్నాను. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, వేలికి మందు రాసుకున్నావా అని మాత్రం అడిగాడు.

ఆ ఏడాది ఇంకా చాలా పని చేశాను. అయిదు ఓడలు వచ్చి వెళ్ళాయి. ఒకసారి ఒక పంపు విడిభాగం కోసం కారేసుకుని అరిజోనా దాకా వెళ్ళొచ్చాను. నెలకోసారి పెద్దాయన ఇంటికి వెళ్ళేవాణ్ణి, మేఘన కూడా వచ్చేది. ఆయన ఆమెకు ఇంజిన్ల గురించి చెప్పేవాడు. ఆమె ఆయనకు ఆవకాయ అన్నం అలవాటు చేసింది. ఆమె ప్రమోషన్ అక్టోబరులో వచ్చింది.

జనవరి చివర్లో తిరిగి వచ్చాను. సిడ్నీలో ఉదయం ఆరూ పదికి దిగాను. వాన. ఇరవై మూడు డిగ్రీలు. కిట్ అప్పగించాను, సంతకం పెట్టాను. మరో రెండేళ్ళు చేసి నేవీ వదిలేశాను. ఇప్పుడు మా నాన్న కొట్లో రెండో మిషన్ నాది. పెద్దాయన నేను నేవీ వదిలిన ఏడాదే పోయారు. కోటు ఆయనతోనే వెళ్ళిందని కూతురు రాసింది.

మా బంధువులు అడుగుతూ ఉంటారు. అమెరికాలో ఏడాది డ్యూటీ చేశావు కదా, ఏం చూశావని. విమానవాహక నౌకలు చూశాను. జలాంతర్గాములు చూశాను. అవి చెబితే సంతోషిస్తారు కాబట్టి అవే చెబుతాను.

నా కళ్ళ ముందు ఉండిపోయింది వేరు. ఆ సభ రోజు బ్యూగిల్ బూర ఊదే ముందు అందరినీ కుర్చీల్లోంచి లేచి నిలబడమన్నారు. పెద్దాయనకు ముందు వరసలో కుర్చీ వేశాం. ఆయన అక్కడ లేడు. వెనక్కి తిరిగి చూశాను. ప్రదర్శన గదిలో, నాలుగో బొమ్మ పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆ బొమ్మకు చేతులు లేవు, మొండెమే. కోటు చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. బ్యూగిల్ మొదలైంది. ఆయన చేయి పక్కకు చాచి, ఆ ఖాళీ చేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. బ్యూగిల్ అయిపోయింది. నిమిషం మౌనం అయిపోయింది. అందరూ కూర్చున్నారు. ఆయన ఆ చేయి వదల్లేదు.